ఆ ఫ్లవర్ బ్రాకెట్లు ఎందుకు?

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఇవాళ నేను మాట్లాడబోయే విషయం పేరు వినగానే "మనకెందుకమ్మా ఈ గొడవ" అని రేడియో కట్టేసేరు సుమా! కాస్త ఓపిక పట్టండి. విషయం కంప్యూటరు భాషలకు సంబంధించినది. ఆ భాషలలో, పని మధ్యలో ఏదైనా అవాంతరం వస్తే ఏం చెయ్యాలో రాసే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ ఫ్లవర్ బ్రాకెట్లు పెట్టి తీరాలని చాలా భాషలలో నియమం. మిగతా చోట్ల పెట్టినా పెట్టకపోయినా ఊరుకునే భాషలు కూడా ఇక్కడ మాత్రం ఊరుకోవు. ఎందుకు ఊరుకోవు అన్నదే ఇవాళ్టి ముచ్చట.

మనకెందుకు అంటారా? గ్యాసు బుక్ చెయ్యాలన్నా, కరెంటు బిల్లు కట్టాలన్నా, రైలు టిక్కెట్టు తీసుకోవాలన్నా, ఊళ్ళో ఉన్న అమ్మకు నాలుగు వందలు పంపాలన్నా ఇప్పుడు అన్నీ ఫోనులోనే కదా. ఆ ఫోను వెనకాల ఎవరో రాసిన ప్రోగ్రాము పనిచేస్తూ ఉంటుంది. డబ్బు మన ఖాతాలోంచి పోయి, అవతలివాళ్ళకు చేరకపోతే మన గుండె గుభేలుమంటుంది. ఆ క్షణంలో మనల్ని గట్టెక్కించేదీ, నట్టేట ముంచేదీ కూడా ఆ ప్రోగ్రాములో అవాంతరాల కోసం రాసిపెట్టిన నాలుగు వరుసలే.

ఇంకో మాట. మనలో ఎంతోమంది పిల్లలు ఈ పనిలోనే ఉన్నారు. వాళ్ళు ఇంట్లో కూర్చుని ఫోనులో "ట్రై", "క్యాచ్" అంటూ మాట్లాడుకుంటూ ఉంటే, మనం కాఫీ గ్లాసు పక్కన పెట్టి చప్పుడు చెయ్యకుండా వచ్చేస్తాం. నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. అయినా మా అమ్మాయిని అడిగి, పుస్తకాలు తిరగేసి ఒక్కొక్కటే తెలుసుకున్నాను. తెలిశాక అనిపించింది, ఇందులో పేర్లు కొత్తవే గాని, సంగతి మనం ఇంట్లో రోజూ ఎరిగినదేనని.

ప్రోగ్రాము అంటే యంత్రానికి మనం రాసిచ్చే పనుల జాబితా. ఇది చెయ్యి, దాని తరువాత అది చెయ్యి అని వరసగా ఉంటుంది. పనమ్మాయికి "పాలు కాచి తోడు పెట్టు" అని చెప్పి మనం బజారుకు వెళ్ళామనుకోండి. పాలు విరిగిపోతే ఆ పిల్ల తోడు పెట్టదు. పక్కింటివాళ్ళనైనా అడుగుతుంది, మనం వచ్చేదాకా అయినా ఆగుతుంది. యంత్రానికి ఆ ఇంగితం లేదు. విరిగిన పాలకు కూడా తోడు పెట్టి కూర్చుంటుంది. లేదా అక్కడికక్కడే చేతులెత్తేసి పని మొత్తం ఆపేస్తుంది.

తెరవమన్న ఫైలు కనిపించకపోవచ్చు. నెట్ మధ్యలో తెగిపోవచ్చు. ఏదో అంకెను సున్నాతో భాగించవలసి రావచ్చు. ఇటువంటివాటిని వాళ్ళు "ఎక్సెప్షన్" అంటారు. మన మాటలో అవాంతరం అనుకుందాం.

పూర్వం ఈ అవాంతరాలకు సాధారణంగా వాడే ఉపాయం ఒకటి ఉండేది. ప్రతి పని తరువాతా "సరిగ్గా అయిందా? కాకపోతే ఇలా చెయ్యి" అని రాసుకుంటూ పోవడం. పది వరుసల పనికి ఇరవై వరుసల జాగ్రత్తలు. పప్పు ఎలా వండాలో చెప్పే కాగితంలో పప్పు వెతుక్కోవలసి వస్తుందన్న మాట! పైగా, ఒక్కచోట అడగడం మరిచిపోతే తప్పు అలాగే ముందుకు పోతుంది.

ఈ చిక్కు మీద పెద్దలు చాలాకాలం ఆలోచించారు. 1975లో జాన్ గుడినఫ్ అనే ఆయన, అవాంతరాలను భాషలోనే విడిగా ఎలా రాయవచ్చో చర్చిస్తూ ఒక ముఖ్యమైన పత్రం ప్రచురించారు. అదే రోజుల్లో అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో బార్బరా లిస్కోవ్ అనే ఆవిడ తన తోటివారితో కలిసి "క్లూ" అనే భాషను తయారుచేస్తున్నారు. ఆ భాషలో అవాంతరాలను సంబాళించే పద్ధతి గురించి ఆవిడా, అలన్ స్నైడర్ అనే ఆయనా కలిసి 1979లో రాశారు. కంప్యూటరు శాస్త్రంలో అన్నిటికంటే పెద్ద గౌరవమైన ట్యూరింగ్ బహుమతి 2008వ సంవత్సరానికి లిస్కోవ్ గారికి దక్కింది. ఈ విషయం తవ్వుకుంటూ పోతే ఒక ఆడమనిషి పేరు ఎదురైనందుకు నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను. తరువాత సి ప్లస్ ప్లస్, 1995లో లోకానికి వెల్లడైన జావా, ఇంకా ఎన్నో భాషలు ఈ పద్ధతిని తమ తమ ధోరణిలో తీసుకున్నాయి.

ఇక ఆ పద్ధతి ఏమిటో చూద్దాం. "ట్రై" అంటే ప్రయత్నించు. ఆ మాట రాసి, ఫ్లవర్ బ్రాకెట్ తెరిచి, చెయ్యవలసిన పనంతా లోపల రాసి, బ్రాకెట్ మూసేస్తారు. ఫ్లవర్ బ్రాకెట్ అంటే మన చిన్నప్పుడు లెక్కల పుస్తకంలో చూసినదే, నడుమ చిన్న ముక్కులాగా పొడుచుకువచ్చి వంకీలు తిరిగి ఉంటుంది. దాని తరువాత "క్యాచ్", అంటే పట్టుకో అని రాసి, ఏ అవాంతరాన్ని పట్టుకోవాలో పేరు చెప్పి, మళ్ళీ ఫ్లవర్ బ్రాకెట్లలో దాని ఉపాయం రాస్తారు. క్యాచ్‌లు ఒకటి కాదు, ఎన్నైనా ఉండవచ్చు. నెట్ తెగితే ఒకటి, ఫైలు లేకపోతే ఒకటి, ఇలాగ. జావా వంటి భాషలలో చివర "ఫైనల్లీ" అని ఇంకొకటి ఉంటుంది. పని అయినా సరే, చెడినా సరే, అఖరున చెయ్యవలసినది అందులో రాస్తారు. కూర కుదిరినా మాడినా స్టవ్ కట్టెయ్యాలి కదా, అలాగన్న మాట.

సరే, ఇక్కడే వచ్చింది ప్రశ్న. "ఇఫ్" అని ఇంకొక మాట ఉంది. "అయితే గియితే" అని షరతు పెట్టడానికి. సి, సి ప్లస్ ప్లస్, జావా భాషలలో ఇఫ్ తరువాత చెయ్యవలసిన పని ఒక్క వరుసే అయితే బ్రాకెట్లు అక్కర్లేదు. మరి ట్రై తరువాత కూడా ఒక్క వరుసే ఉన్నప్పుడు బ్రాకెట్లు ఎందుకు? నేర్చుకునే పిల్లలు విసుక్కునేది ఇక్కడే. "ఒక్క ముక్క రాయడానికి ఇన్ని వంకీలా?" అని.

మొదటి కారణం, ఏ ఉపాయం ఏ పనిదో తేలాలి.

మీరు పొద్దున్నే పెళ్ళికి వెళుతూ పనమ్మాయికి చీటీ రాసి పెట్టారనుకోండి. "ఎండ కాస్తే, అత్తయ్యగారు మేలుకుని ఉంటే, వడియాలు మేడమీద పెట్టు. లేకపోతే వసారాలో పెట్టు." రాసిన మీకు అంతా స్పష్టంగానే ఉంటుంది. చదివే పిల్లకు మాత్రం తికమక. ఆ "లేకపోతే" దేనికి? ఎండ లేకపోతేనా? అత్తయ్యగారు మేలుకుని లేకపోతేనా? ఎండ బాగానే కాస్తోంది, కానీ కాకుల్ని తోలడానికి ఉండవలసిన అత్తయ్యగారు కునుకు తీస్తున్నారు. అప్పుడేం చెయ్యాలి? ఎండే లేదు, మబ్బు పట్టింది. అప్పుడేం చెయ్యాలి? ఒక విధంగా చదివితే ఒక జవాబు, ఇంకో విధంగా చదివితే ఇంకో జవాబు. మీరు సాయంత్రం వచ్చేసరికి వడియాలు కాకుల పాలు!

కంప్యూటరు భాషలకు ఈ "లేకపోతే" తగవు చాలా పాతది. ఆల్గాల్ 60 అనే భాష కాలం నుంచీ ఉంది. ఆ భాషవాళ్ళు సవరించిన నియమాలలో, ఒక షరతు వెంటనే ఇంకో షరతు రాయవలసి వస్తే లోపలిదాన్ని "బిగిన్", "ఎండ్" అనే రెండు మాటల మధ్య పెట్టమన్నారు. తరువాత 1970ల మొదట్లో బెల్ లాబొరేటరీస్‌లో డెన్నిస్ రిచీ గారు తయారుచేసిన సి భాషలో ఆ రెండు మాటల స్థానంలో ఫ్లవర్ బ్రాకెట్లు ఉన్నాయి. బ్రాకెట్లు లేనప్పుడు "లేకపోతే" దగ్గరలో ఉన్న "అయితే"కే చెందుతుందని సూత్రం చేసి సరిపెట్టారు.

షరతుకు ఆ సూత్రం సరిపోయింది. ఎందుకంటే ఒక "అయితే"కు ఒక్క "లేకపోతే" మాత్రమే ఉంటుంది. క్యాచ్‌ల సంగతి అలా కాదు. ఒక ట్రైకి ఎన్ని క్యాచ్‌లైనా ఉండవచ్చునని చెప్పాను కదా. ఒక ట్రై లోపల ఇంకొక ట్రై ఉందనుకోండి. "దగ్గరదానికే చెందుతుంది" అంటే వచ్చిన క్యాచ్‌లన్నీ లోపలిదే పట్టుకుపోతుంది. బయటి ట్రైకి ఒక్కటీ మిగలదు.

పోనీ, ఎవరికి చెందితే ఏం అంటారా? చాలా తేడా ఉంది. అమ్మకు డబ్బు పంపడం పని అనుకోండి. నెట్ తెగితే రెండో దారిలో పంపడం మొదటి ఉపాయం. ఖాతాలో డబ్బు చాలకపోతే మనకు చెప్పడం రెండో ఉపాయం. మొదట నెట్ తెగింది. రెండో దారిలో పంపబోతే డబ్బు చాలలేదు. ఇప్పుడు అవాంతరం వచ్చింది పనిలో కాదు, ఉపాయంలో! రెండు ఉపాయాలూ ఒకే ట్రైకి చెందినవైతే, మొదటి ఉపాయంలో వచ్చిన అవాంతరాన్ని రెండోది పట్టుకోదు. భాషల నియమం అది. పట్టుకోవాలంటే పనినీ, మొదటి ఉపాయాన్నీ కలిపి ఇంకో పెద్ద ట్రైలో పెట్టి, రెండో ఉపాయాన్ని దానికి తగిలించాలి. లోపల ఉన్నదేదో, బయట ఉన్నదేదో చెప్పేవి బ్రాకెట్లే. అవి లేకపోతే మనకు కబురు అందుతుందో లేదో ఆ దేవుడికే తెలియాలి.

రెండో కారణం, బ్రాకెట్లు గది గోడల వంటివి. లోపల పుట్టినది లోపలే ఉంటుంది.

జావాలో గాని, సి ప్లస్ ప్లస్‌లో గాని, ట్రై బ్రాకెట్ల లోపల మొదటిసారి పేరు పెట్టుకున్న వస్తువు క్యాచ్‌లోకి రాదు. నేర్చుకునే పిల్లలకు ఇదొక చిరాకు. "ఇప్పుడే కదా పైన రాశాను, ఇంతలోనే ఎరగనంటావేం" అని యంత్రం మీద కోపం. కాని ఆలోచిస్తే న్యాయమే. ట్రై లోపల పది పనులున్నాయి. అవాంతరం మూడో పనిలో వచ్చిందో, తొమ్మిదో పనిలో వచ్చిందో క్యాచ్‌కు తెలియదు. ఏడో పనిలో తీసిన గిన్నె అసలు అటక మీదనుంచి దిగిందో లేదో! దిగిందని నమ్మి చెయ్యి పెడితే ఏమవుతుంది? అందుకనే భాష గోడ కట్టింది. సగంలో ఆగిన పని తాలూకు వస్తువులను, అయిన పని తాలూకు వస్తువుల్లాగా వాడుకోనివ్వదు.

సి ప్లస్ ప్లస్‌లో ఈ గోడకు ఇంకో ప్రయోజనం కూడా ఉంది. గదిలోంచి బయటికి వెళ్ళేటప్పుడు, లోపల తయారైన వస్తువులు తమ తమ సర్దుబాట్లు తామే చేసుకుని పోతాయి. అవాంతరం వచ్చి పరుగెత్తవలసి వచ్చినా సరే, ఆ సర్దుబాటు తప్పదు. మరి గది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీత లేకపోతే, ఏం సర్దాలో ఎలా తెలుస్తుంది?

ఇక మూడో కారణం. నా మట్టుకు నాకు అన్నిటికంటే పెద్దదిగా తోచింది ఇదే. ఉపాయం రాసిన దారిలో రోజూ ఎవరూ నడవరు.

వంటిల్లు రోజుకు పదిసార్లు తొక్కుతాం. అక్కడ పలక ఊడితే ఆ పూటే తెలుస్తుంది. పెరటివైపు మెట్లు మాత్రం ఏ అగ్గి రాజుకున్నప్పుడో కాని అవసరం పడవు. వాటిలో ఒకటి కూలిపోయి ఉంటే, ఆ రోజు దాకా తెలియదు. తెలిసిన రోజున చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లే. ప్రోగ్రాములో అవాంతరాల దారి అచ్చంగా ఆ పెరటి మెట్ల వంటిది. అన్నీ సవ్యంగా జరిగిన రోజున అక్కడి తప్పు కనపడదు. కనుక అక్కడ రాసేది రాసేటప్పుడే కంటికి స్పష్టంగా కనపడాలి.

దీనికి ఒక ఉదాహరణ చెబుతాను. ఇది ట్రై, క్యాచ్‌ల ఉదాహరణ కాదు. ఆ పద్ధతి లేని సి భాషలో, ఇఫ్‌లతో రాసిన పాత పద్ధతి జాగ్రత్తలది. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ తన ఫోన్లకు హడావుడిగా ఒక సవరణ విడుదల చేసింది. మన ఫోను ఒక బ్యాంకుతోనో, దుకాణంతోనో మాట్లాడేటప్పుడు, అవతల ఉన్నది నిజంగా ఆ బ్యాంకేనా అని సంతకం సరిచూస్తుంది. ఆ సరిచూసే ప్రోగ్రాములో వరసగా షరతులున్నాయి. "ఇది తప్పితే, విఫలం అన్న చోటికి పో" అని. ఒకచోట ఆ "విఫలం అన్న చోటికి పో" అనే వరుస పొరపాటున రెండుసార్లు పడింది. ఇఫ్ తరువాత బ్రాకెట్లు లేవు. బ్రాకెట్లు లేకపోతే మొదటి వరుస మాత్రమే షరతుకు లోబడుతుంది. రెండోది ఏ షరతూ లేకుండా ప్రతిసారీ జరిగిపోతుంది. దాంతో యంత్రం ప్రతిసారీ అసలు సంతకం చూడకుండానే చివరికి దూకింది. అప్పటిదాకా ఏ తప్పూ దొరకలేదు గనుక "అంతా సరిగ్గానే ఉంది" అని జవాబు చెప్పింది! ఒకే నెట్‌వర్కులో పొంచి ఉన్న దొంగ "నేనే బ్యాంకుని" అన్నా నమ్మే స్థితి.

విచిత్రం చూశారా? రెండు వరుసలూ ఒకే జరుగుతో, ఒకదాని కింద ఒకటి ముచ్చటగా రాసి ఉన్నాయి. చదివే మనిషి కంటికి రెండూ షరతు కిందే ఉన్నట్లు కనిపిస్తాయి. యంత్రం జరుగు చూడదు. బ్రాకెట్లు ఉండి, ఆ రెండో వరుస లోపల పడి ఉంటే ఏ హానీ జరిగేది కాదు. బయట పడి ఉంటే, "ఇదేమిటి ఇక్కడ ఒంటరిగా ఉంది" అని ఎవరి కన్నైనా ఆగేది. తప్పకుండా ఆగేదని ఒట్టు పెట్టలేం గాని, ఆగే అవకాశం ఎక్కువ.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. యంత్రానికి మాత్రం ఈ బ్రాకెట్లు అన్నిచోట్లా అవసరం లేదు. సి ప్లస్ ప్లస్ సృష్టికర్త బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ గారు తన భాష పుట్టి పెరిగిన కథను 1994లో పుస్తకంగా రాశారు. అందులో ఆయన ఈ సంగతి దాచుకోలేదు. వరుసలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నచోట తప్ప బ్రాకెట్లు అనవసరమే, ఆ మాటకొస్తే "ట్రై" అనే మాట కూడా అనవసరమే అన్నారు. అవేవీ లేకుండా రాసే పద్ధతిని మనుషులకు వివరించి చెప్పడం మహా కష్టమైందట. అందువల్ల తెలిసి తెలిసే ఆ అదనపు గుర్తులు పెట్టారు. అంటే ఏమిటన్న మాట? ఆ వంకీలు యంత్రం కోసం కాదు, చదివే మనిషి కోసం. ఈ మాట తెలిసినప్పుడు నాకు ఆయన మీద ఎంతో గౌరవం కలిగింది.

అలాగని ఫ్లవర్ బ్రాకెట్టే పవిత్రమైనదని అనుకోకండి. 1991లో లోకానికి వెల్లడైన పైథాన్ భాషలో బ్రాకెట్ల ఊసే లేదు. అక్కడ వరుసను ఎంత లోపలికి జరిపి రాశారన్నదే హద్దు. కంటికి కనపడేదే యంత్రానికీ నియమం. ఏడా అనే భాషలో బిగిన్, ఎండ్ అనే మాటలున్నాయి. స్కాలా అనే భాషలో ట్రై తరువాత ఒక్క మాటే ఉంటే బ్రాకెట్లు లేకపోయినా ఒప్పుకుంటారు. మరోవైపు 2014లో వచ్చిన స్విఫ్ట్ భాష అయితే ఇఫ్‌కు కూడా బ్రాకెట్లు లేనిదే ఒప్పుకోదు. ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్క ఆచారం. ఒకరు ముగ్గు వేసి హద్దు చూపిస్తారు, ఒకరు గడప పెట్టి చూపిస్తారు. హద్దంటూ ఉండాలన్నది మాత్రం అందరూ ఒప్పుకున్న మాట.

హద్దు గీసినంత మాత్రాన గండం గడిచినట్లేనా? కాదు. హద్దు లోపల ఏది పెట్టాలో, ఏది వదిలెయ్యాలో తేల్చుకోవలసినది మనిషే. దీనికి లోకమంతా చెప్పుకునే కథ ఒకటి ఉంది.

1996 జూన్ 4న దక్షిణ అమెరికా ఖండంలోని ఫ్రెంచి గయానాలో, కూరూ అనే చోటినుంచి ఏరియాన్ 5 రాకెట్టు మొట్టమొదటిసారి పైకి లేచింది. యూరపు దేశాలు ఎన్నో ఏళ్ళు శ్రమపడి తయారుచేసుకున్న రాకెట్టు. లోపల సూర్యుడికీ భూమికీ మధ్య జరిగే సంగతులను పరిశోధించవలసిన క్లస్టర్ ఉపగ్రహాలు నాలుగు. నలభై సెకండ్లయినా గడిచీ గడవకముందే రాకెట్టు దారి తప్పి, ముక్కలై పేలిపోయింది. విచారణ సంఘం వేశారు. తేలినదేమిటి? రాకెట్టు ఎటు పోతోందో చెప్పే యంత్రంలో, ఒక పెద్ద సంఖ్యను చిన్న గడిలో పెట్టబోయారు. ఆ గడిలో 32,767 వరకే పడుతుంది. సంఖ్య అంతకు మించింది. సోలెడు గిన్నెలో తవ్వెడు పాలు పోసినట్లయింది. అవాంతరం లేచింది. దాన్ని పట్టుకునే ఉపాయం అక్కడ రాసిలేదు.

మరిచిపోయారా అంటే, మరిచిపోలేదు. అటువంటి ప్రమాదం ఉన్న సంఖ్యలు ఏడు అని ముందే గుర్తించారు. నాలుగింటికి రక్షణ పెట్టారు. యంత్రం మీద భారం మరీ పెరగకూడదని మూడింటిని వదిలేశారు. అవి ఎప్పుడూ అంత పెద్దవి కావన్నది వాళ్ళ ధీమా. పాత రాకెట్టు ఏరియాన్ 4 విషయంలో ఆ ధీమా నిజమే. ఆ ప్రోగ్రామునే కొత్త రాకెట్టులో పెట్టారు. కొత్తది పైకి లేస్తూనే పాతదానికంటే వేగంగా పక్కకు సాగే రకం. దాంతో లెక్క మారిపోయింది. ఇంకా బాధ కలిగించే సంగతి, ఆ లెక్క చేస్తున్న భాగానికి రాకెట్టు నేల విడిచాక అసలు పనే లేదు! మారుగా ఉంచిన రెండో యంత్రం కూడా అదే ప్రోగ్రాముతో నడుస్తున్నది. అందుకని అది ఒక్క క్షణం ముందే, అదే కారణంతో ఆగిపోయింది. అవాంతరం వస్తే యంత్రాన్ని ఆపెయ్యాలన్నదే అక్కడి నియమం మరి.

కనుక గీత గియ్యడం ఒక ఎత్తు. గీత లోపల ఎవరున్నారు, బయట ఎవరున్నారు అని ఇల్లు మారినప్పుడల్లా మళ్ళీ చూసుకోవడం ఇంకో ఎత్తు. పాత ఇంట్లో పిల్లలకు అందని అలమార, కొత్త ఇంట్లో అందవచ్చు కదా!

ఇంకో పొరపాటు కూడా ఉంది. పిల్లలు కొందరు క్యాచ్ అని రాస్తారు, బ్రాకెట్ తెరుస్తారు, లోపల ఏమీ రాయకుండా మూసేస్తారు. భాష కాదనదు. బ్రాకెట్లు అడిగింది, పెట్టారు. అవాంతరం వచ్చింది, పట్టుకున్నారు, ఎవరికీ చెప్పకుండా మింగేశారు. చెత్త ఊడ్చి చాప కింద తోసినట్లు. పైకి ఇల్లు శుభ్రమే. డబ్బు పోయిన మనం బ్యాంకుకు ఫోను చేస్తే, "మా దగ్గర ఏ తప్పూ కనిపించడం లేదండీ" అనే జవాబు ఇటువంటి చాప కిందనుంచి కూడా రావచ్చు. ఖాళీ బ్రాకెట్ కంటే బ్రాకెట్ లేకపోవడమే నయం. అప్పుడు పని ఆగిపోయి, తప్పు ఉందనైనా తెలుస్తుంది.

ఇంతకూ నేను చెప్పదలచుకున్నది ఇదీ. ఒక పనికి జాగ్రత్త తీసుకుంటున్నామంటే, ఆ జాగ్రత్త ఏ పనికి, ఎక్కడినుంచి ఎక్కడిదాకా అని అందరికీ కనపడేటట్లు చెప్పాలి. రాసినవారు ఊరు వెళ్ళిపోతారు. ఉద్యోగం మారతారు. ఆ రాత చదివి సరిచెయ్యవలసినవారు ఇంకెవరో ఉంటారు. వారు రాత్రివేళ కంగారులో, నిద్రకళ్ళతో చదువుతారు. ఆ కళ్ళకు ఆసరా ఆ రెండు వంకీలు. ఒక్క వరుసకు కూడా ఎందుకు అంటే, ఇవాళ ఒక్క వరుస ఉన్నచోట రేపు ఇంకొకరు వచ్చి రెండో వరుస చేరుస్తారు గనుక.

మీ ఇంట్లో అబ్బాయో, అమ్మాయో, కోడలో ఈ పనిలో ఉంటే తీరిక చూసి మూడు ప్రశ్నలు అడిగి చూడండి. నీ ట్రైలో ఏ పని పెట్టావు? నీ క్యాచ్ ఏ అవాంతరాన్ని పట్టుకుంటుంది? పట్టుకున్నాక ఎవరికి చెబుతుంది? వాళ్ళు ముందు ఆశ్చర్యపోతారు. తరువాత కూర్చుని చెబుతారు. కొత్తగా నేర్చుకోవాలనుకునే అక్కచెల్లెళ్ళు కూడా బెదరవలసిన పని లేదు. ఉప్పు ఎక్కువైతే ఏం చెయ్యాలో, పాలు పొంగితే ఏం చెయ్యాలో, వేళ కాని వేళ చుట్టాలు వస్తే ఏం చెయ్యాలో ముందే ఆలోచించి పెట్టుకునేవాళ్ళం మనం. అవాంతరాల శాస్త్రంలో మనకు అనుభవం తక్కువేమీ కాదు. దాన్ని యంత్రానికి అర్థమయ్యేట్లు, తోటి మనిషికి కనపడేట్లు హద్దులు గీసి రాయడం ఒక్కటే మనం నేర్చుకోవలసింది.